ఉదయపు పరీక్ష

గరిడేపల్లి సూర్యాపేట జిల్లాలోని ఒక మండల కేంద్రము. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణముల నడుమ నున్న ఈ ప్రాంతమున నాగార్జునసాగరు ఎడమ కాలువ నీటితో వరి విస్తారముగా పండును. వరి పండించు రైతు తెల్లవారగనే పొలమునకు పోవును. గట్టుమీద నిలిచి, చేను పచ్చగా నున్నదని తృప్తిపడి మరలి రాడు. మడిలోనికి దిగి, దుబ్బులను చేతితో పాయదీసి, వంగి మొదళ్లను చూచును. ఏలయన సుడిదోమ ఆకుల కొనలయందు కనబడదు. నీటికి కొంచెము పైగా దుబ్బు మొదట దాగి రసమును పీల్చుచుండును. దూరమునుండి చూచువానికి దాని సంగతి తెలియునప్పటికి చేను సుడులు సుడులుగా ఎండిపోవుచుండును. మొదటనే చూచినవాడు కొద్ది ప్రయత్నముతో గట్టెక్కును. ఆలసించినవాడు పంటను కోల్పోవును. అంతేకాదు, వాని మడిలోని దోమ గట్టు దాటి పొరుగువాని మడికి పోవును.

ఇట్టి రైతుల బిడ్డలు అనేకులు పై చదువులకై సమీప పట్టణముల కళాశాలలకు పోవుచున్నారు. కొందరు ప్రతిదినము బస్సులలో ప్రయాణము చేయుదురు. కొందరు వసతిగృహములలో నివసింతురు. తండ్రి చేనును దినదినము పరీక్షించును గాని, కుమారుడు తన దేహమును ఒక్క నిమిషమైనను పరీక్షించుకొనడు. సైకిలు చక్రములో గాలి యున్నదో లేదో చూచుకొనును. సెల్‌ఫోనులో చార్జింగు ఎంత మిగిలినదో గంటకొకసారి చూచుకొనును. రాత్రి తనకు జ్వరము వచ్చెనా, గొంతు నొచ్చుచున్నదా, రెండు దినములుగా ఆకలి ఎందుకు మందగించినది అను ప్రశ్నలు మాత్రము వాని మనస్సునకు తోచవు. తోచినను బస్సు వేళ యైనదని వాటిని ప్రక్కకు నెట్టును.

ప్రతి ఉదయము తన ఆరోగ్యమును తాను పరీక్షించుకొనుట, అందు కనబడిన దానిని దాచక చెప్పుట విద్యార్థి నేర్వవలసిన పాఠము. అట్లు చెప్పినవానిని శిక్షింపకుండుట విద్యాలయము నేర్వవలసిన పాఠము. ఈ రెండింటిలో ఏ ఒకటి లోపించినను రెండవది వ్యర్థమగును.

ఈ విషయము పట్టింపులేనిదని తలచువారు ఇటీవలి చరిత్రను జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. 2020వ సంవత్సరము మార్చి 2వ తేదీన తెలంగాణలో మొదటి కరోనా రోగి గుర్తింపబడెను. ఆ నెల 16వ తేదీనుండి రాష్ట్రమందలి విద్యాలయములు మూతపడెను. ఏప్రిల్ నెలలో సూర్యాపేట కూరగాయల మార్కెట్టు పరిసరములలో వ్యాధి వ్యాపించి, ఆ ప్రాంతమున రాకపోకలు కట్టడి చేయబడెను. 2021 ఫిబ్రవరి 1వ తేదీన తొమ్మిదవ తరగతికిని, అంతకు పై తరగతులకును, కళాశాలలకును తలుపులు తెరచిరి. రెండు నెలలైనను నిండలేదు. విద్యాలయములలోను, వసతిగృహములలోను వ్యాధి కనబడుటచేత మార్చి 24వ తేదీనుండి వాటిని మరల మూయవలసి వచ్చెను. తిరిగి తెరచుట ఆ సంవత్సరము సెప్టెంబరు 1వ తేదీన. ఇంటిలో సెల్‌ఫోను లేని బీద విద్యార్థికి ఈ మాసములన్నియు చదువు లేని మాసములే. ఒకచోట కూర్చుండి చదువుకొను భాగ్యము ఎంత సున్నితమైనదో అప్పుడు అందరికిని తెలియవచ్చినది.

ఆ దినములలో అనేక కళాశాలల ద్వారములకడ ఉష్ణమాపక యంత్రమును నుదుటికెదురుగా పట్టి చూచెడివారు. జ్వరము, దగ్గు, గొంతునొప్పి కలవా యను ప్రశ్నలు గల పత్రమును విద్యార్థులచే నింపించెడివారు. ఈ ఏర్పాటు మంచిదే. కాని దాని బలమెంతయో, బలహీనత యెంతయో తెలిసికొనుట అవసరము. ద్వారముకడి యంత్రము చర్మపు వేడిమిని మాత్రము చూపును. ఇంటివద్ద పారాసిటమాలు మాత్ర మ్రింగి వచ్చినవాని జ్వరము కొన్ని గంటలపాటు అణగియుండును; యంత్రము వానిని ఆరోగ్యవంతుడనియే పలుకును. పత్రము సంగతియు నిట్టిదే. మొదటి దినమున ప్రశ్నలను చదివి జవాబు వ్రాసినవాడు, పదవ దినమునాటికి చదువకయే అన్నింటికిని "లేదు" అని గీత గీయును. పరీక్షించునది యంత్రము కాదు, పత్రము కాదు. విద్యార్థి సత్యసంధతయే అసలైన పరీక్షాసాధనము.

ఇందులకు మన దేశముననే ఒక చక్కని నిదర్శనము కలదు. భారతదేశమున మొట్టమొదట కరోనా సోకినట్లు తేలినది ఒక విద్యార్థినికి. ఆమె చైనాలోని వుహాను నగరమున వైద్యవిద్య నభ్యసించుచు, 2020 జనవరి 23వ తేదీన స్వదేశమునకు వచ్చెను. తర్వాతి దినములలో ఆమెకు ఏ బాధయు లేదు. జనవరి 27వ తేదీన కేరళలోని త్రిసూరు ప్రభుత్వాసుపత్రిలో చేరెను. అప్పుడామెకున్న బాధ యెంత? ఒక్కనాటి పొడిదగ్గు, గొంతునొప్పి. జ్వరమైనను లేదు. ఇంతమాత్రమునకు ఆసుపత్రి ఎందుకని ఊరకుండినచో ఆమెను తప్పుపట్టువారు ఎవరును లేకపోయెడివారు. కాని తాను వచ్చిన చోటును, తన గొంతులోని స్వల్పమైన మార్పును కలిపి ఆలోచించి ఆమె ఆలసింపక వైద్యులకు తెలిపెను. జనవరి 30వ తేదీన వ్యాధి నిర్ధారణ యయ్యెను. ఆమె కోలుకొని ఫిబ్రవరిలో ఇల్లు చేరెను. ఆమె వలన మరియొకరికి వ్యాధి సోకలేదు. నూట ముప్పది కోట్లకు పైబడిన జనులు గల దేశమున మొదటి హెచ్చరిక ఒక విద్యార్థిని సత్యమును చెప్పుటవలన లభించినది.

అట్లయిన ప్రతి ఉదయము చూచుకొనవలసిన వేవి? ఇందులకు వైద్యశాస్త్రము చదువనక్కరలేదు. పండ్లు తోముకొనునంతటి సమయము చాలును. ఒడలు వెచ్చగా నున్నదని తోచినచో అరచేతితో నుదురు తాకి నిర్ణయింపరాదు. చేయి చల్లనైనచో నుదురు వేడిగానే తోచును. థర్మామీటరుతో చూడవలెను. అది 100.4 ఫారెన్‌హీటు డిగ్రీలు గాని, అంతకు మించి గాని చూపినచో జ్వరమని ఎంచవలెను. పలువురు వాడు థర్మామీటరును వాడిన ప్రతిసారియు సబ్బునీటితో శుభ్రము చేయవలెను. పిదప గొంతు, దగ్గు, ఊపిరి, కడుపునొప్పి, వాంతులు, విరేచనములు, చర్మముపై దద్దురులు, కన్నుల ఎఱ్ఱదనము, ఆకలి, నిద్ర. వీటిని వరుసగా జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. వేసవిలో మూత్రము ముదురు పసుపురంగున నున్నచో దేహమునకు నీరు చాలలేదని గ్రహింపవలెను. మెట్లెక్కునప్పుడు ఆయాసము, ఎల్లప్పుడు అలసట కలిగిన విద్యార్థినులు సోమరితనమని తమ్ము తాము నిందించుకొనక రక్తపరీక్ష చేయించుకొనవలెను. అది రక్తహీనత కావచ్చును. రెండు వారములు దాటినను తగ్గని దగ్గును ఎన్నడును ఉపేక్షింపరాదు. అది క్షయ యగునేమో ప్రభుత్వాసుపత్రిలో ఉచితముగా పరీక్షింతురు. మందులును ఉచితముగనే యిత్తురు.

దేహముతో పాటు మనస్సును చూచుకొనుట మరువరాదు. ఇంటికి దూరముగా, పరీక్షల భారముతో నున్న విద్యార్థి మనస్సు ఒక్కొక్కప్పుడు కుంగును. రెండు వారములు గడచినను నిద్రపట్టకపోవుట, దేనియందును ఆసక్తి లేకపోవుట, బ్రతుకు భారమని తోచుట వ్యాధిలక్షణములే. కాలు విరిగినవాడు సిగ్గుపడడు. మనస్సు నొచ్చినవాడు మాత్రమెందుకు సిగ్గుపడవలెను? ఇట్టివారికొరకు 2022 అక్టోబరు 10వ తేదీన కేంద్ర ప్రభుత్వము టెలీ మానస్ అను సేవను నెలకొల్పినది. 14416 అను సంఖ్యకు ఫోను చేసి రూక ఖర్చు లేకుండ సలహా పొందవచ్చును.

పరీక్షించుకొనుట వేరు, వైద్యము చేసికొనుట వేరు. కొందరు జ్వరము కనబడగనే మిత్రుని పెట్టెలో మిగిలిన మాత్రలను మ్రింగుదురు. వైరసువలన వచ్చు జలుబునకు, జ్వరమునకు యాంటీబయాటిక్ మందులు పనిచేయవు. అనవసరముగా వాడినచో, నిజముగా అవసరమైననాడు సూక్ష్మజీవులు వాటికి లొంగకుండ పోవును. డెంగీ యని అనుమానమున్నప్పుడు ఆస్పిరిను వంటి మాత్రలు రక్తస్రావమును కలిగించి ప్రాణము మీదికి తెచ్చును. విద్యార్థి పని గమనించుట, తెలుపుట, విశ్రమించుట. మందు నిర్ణయించుట వైద్యుని పని.

ఇంత తెలిసియు విద్యార్థులు జ్వరమును దాచుచున్నారు. దాచుటకు కారణములు లేకపోలేదు. పరీక్షకు కూర్చుండుటకు సాధారణముగా నూటికి 75 వంతుల హాజరు ఉండవలెను. నాలుగు దినములు పోయిన ఏమగునో యని భయము. వసతిగృహమున వ్యాధి యున్నదని చెప్పినచో తోటివారు దూరముగా జరుగుదురని సిగ్గు. ఇంటికి పంపివేయుదురేమో, అచ్చట నాట్లు వేయుచున్న తల్లిదండ్రులకు కూలి పోవునేమో యని బెంగ. ఇవి అబద్ధములాడు దుర్మార్గుల కారణములు కావు. మంచి పిల్లల కారణములు. కనుకనే వీటిని నీతిబోధతో మాత్రము తొలగింపజాలము.

ఒక్క దినమైనను మానక వచ్చిన విద్యార్థికి సంవత్సరాంతమున బహుమతి యిచ్చుట పెక్కు పాఠశాలలలో ఆచారము. శ్రద్ధను మెచ్చుకొనుట మంచిదే. కాని జ్వరముతో వచ్చి ప్రక్కవారికి అంటించినవాడును, ఆరోగ్యముతో వచ్చినవాడును ఆ బహుమతికి సమానముగా అర్హులగుచున్నారు. వ్యాధి వచ్చినప్పుడు ఇంట నిలిచి తోటివారిని కాపాడినవాడు దానిని కోల్పోవుచున్నాడు. ఇట్టి బహుమతి దేనిని నేర్పును? హాజరును గౌరవింపవలెనన్నచో, వైద్యుని సలహాపై ఇంట నున్న దినములను లెక్కనుండి తొలగించి గౌరవింపవలెను. అట్లే వ్యాధి చెప్పిన విద్యార్థికి పోయిన పాఠములు మరల చెప్పించుట, ప్రక్కవాడు తన వ్రాతపుస్తకము నిచ్చుట, పరీక్ష తప్పినచో మరియొక అవకాశము కల్పించుట జరుగవలెను. సత్యము చెప్పుట నష్టదాయకమైన చోట సత్యము పండదు.

ఇట్లు నిత్యము పరీక్షించుకొనుట పిల్లలలో భయమును పెంచును, లేని వ్యాధులను ఊహించుకొందురు అని కొందరు ఆక్షేపింతురు. ఈ ఆక్షేపణను త్రోసిపుచ్చరాదు. దినమంతయు నాడి పట్టుకొని కూర్చుండుట ఆరోగ్యము కాదు, అదియు ఒక రుగ్మతయే. కాని ఒక నిమిషపు పరీక్షకును, ఆ భయమునకును చాల భేదము కలదు. చేనును చూచి వచ్చిన రైతు మిగిలిన దినమంతయు నిశ్చింతగా తన పని చేసికొనును. చూడనివానికే చింత. నియమముగా, క్లుప్తముగా చూచుకొనుట భయమును తగ్గించును గాని పెంచదు.

ఈ పరీక్షకు ఒక హద్దు కూడ కలదు. ఆరోగ్యముగా నున్నామని తోచిన వారెల్లరు వ్యాధిరహితులు కారు. 1906వ సంవత్సరమున న్యూయార్కు సమీపమున ఒక ఇంటిలోని 11 మందిలో ఆరుగురికి టైఫాయిడు సోకెను. విచారింపగా, ఆ ఇంట వంటచేసిన మేరీ మాలన్ అను స్త్రీ దేహమున ఆ సూక్ష్మజీవులున్నట్లు తేలెను. ఆమెకు జ్వరమును లేదు, నీరసమును లేదు. అందుచేత తనవలన వ్యాధి వచ్చినదను మాటను ఆమె తుదివరకు నమ్మలేదు. ఇట్టివారు ఎంత పరీక్షించుకొన్నను ఏమియు కనబడదు. కావున ఆరోగ్యముగా నున్నదినమున సైతము విడువరాని జాగ్రత్తలు కొన్ని కలవు.

వాటిలో మొదటిది చేతులు కడుగుకొనుట. దీని విలువను ప్రపంచమునకు చూపినదియు ఒక వైద్యశిక్షణాలయమే. ఆస్ట్రియా రాజధాని వియన్నాలోని ఒక ప్రసూతిశాలలో వైద్యవిద్యార్థులు శవపరీక్షలు చేసి, నేరుగా బాలింతలకడకు వచ్చెడివారు. 1847 ఏప్రిల్‌లో అచ్చటి తల్లులలో నూటికి 18 మంది మరణించిరి. సెమ్మెల్‌వైస్ అను వైద్యుడు క్లోరిను కలిసిన సున్నపు నీటితో చేతులు కడుగుకొననిదే లోపలికి పోరాదని కట్టడి చేసెను. జూన్ నాటికి మరణములు నూటికి రెంటికి తగ్గెను. ఆ విద్యార్థులు దుష్టులు కారు. తమ చేతులను తాము చూచుకొననివారు, అంతే. భోజనమునకు ముందును, మరుగుదొడ్డికి పోయివచ్చిన పిదపను సబ్బుతో 20 క్షణములపాటు చేతులు కడుగుకొనుట, దగ్గునప్పుడు మోచేతి మడతను అడ్డుపెట్టుకొనుట, ఒకరి నీటిసీసాను మరియొకరు నోటపెట్టుకొని త్రాగకుండుట, తరగతి కిటికీలను తెరచియుంచుట మొదలైనవి ఖర్చులేని రక్షణలు. వరి మడిలో గాలి ఆడుటకై రైతు నడుమ నడుమ కాలిబాటలు తీయును. మనుష్యులు కిక్కిరిసిన గదికిని గాలి అట్లే అవసరము.

రెండవది దోమల నివారణ. మలేరియాను దోమ మోయునని రొనాల్డ్ రాస్ కనుగొనినది దూరదేశమున కాదు. 1897 ఆగస్టు 20వ తేదీన, మన సికింద్రాబాదులోనే. డెంగీని మోయు దోమ పగటివేళ, తరగతి జరుగుచుండగనే కుట్టును. అది మురుగునీటిలో గాక, కూలరులో, పూలకుండి పళ్లెములో, పాత టైరులో నిలిచిన తేటనీటిలో గ్రుడ్లు పెట్టును. గ్రుడ్డు దోమ యగుటకు మన ఎండలలో వారము, పది దినములు పట్టును. కనుక వారమునకొకసారి ఆ నీటిని పారబోసినచో దోమ పుట్టుకనే ఆపవచ్చును. వసతిగృహమున ఈ పనిని గదుల వారీగా పంచుకొన్నచో పది నిమిషములలో ముగియును.

విద్యార్థులను జాగ్రత్తపడుమని చెప్పు విద్యాలయము తన వంతు పనిని మరువరాదు. కొళాయిలో నీరు రానిచోట చేతులు కడుగుకొమ్మను బోధ పరిహాసమగును. సబ్బు, శుభ్రమైన త్రాగునీరు, తలుపులున్న మరుగుదొడ్లు, జ్వరము వచ్చినవాడు పడుకొనుటకు గాలి వెలుతురు గల ఒక గది, రెండు మంచి థర్మామీటర్లు, ఓపికతో వినెడి ఒక ఉపాధ్యాయుడు లేక ఉపాధ్యాయురాలు ఉండినచో పరీక్షకు అర్థముండును. సూర్యాపేటలో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైనది. అత్యవసరమైనచో 108కి ఫోను చేసిన వాహనము వచ్చును. వైద్యము నానాటికి చేరువగుచున్నది. అయినను రోగి నోరు తెరచి చెప్పనిదే ఏ వైద్యుడును ఏమియు చేయలేడు.

విద్యార్థి జీవితమున పరీక్షలు పెక్కు. వాటిలో ప్రశ్నపత్రమును వేరొకరు తయారుచేయుదురు, జవాబులను వేరొకరు దిద్దుదురు, తప్పిన తప్పు తనకే పరిమితము. ఉదయమున అద్దము ముందర జరుగు ఈ పరీక్ష అట్టిది కాదు. ప్రశ్నించువాడు తానే, జవాబు చెప్పువాడు తానే, దిద్దువాడును తానే. ఇందు తప్పు వ్రాసినచో ఫలమును అనుభవించునది మాత్రము ప్రక్కబల్లవాడు, వంటవాడు, వాని ఇంటనున్న ముదుసలి అవ్వ. చూచువారు లేనిచోట సత్యమును వ్రాయుట నేర్చినవాడే చదువుకొన్నవాడు.